నమ్మకమైన డేటింగ్ సైట్ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చెప్పండి

రాత్రిపక్షి:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు పదకొండున్నర. "టాప్ 10 డేటింగ్ సైట్లు" అని ఏది తెరిచినా అవే పేర్లు, అదే పొగడ్త, చివర్లో చేరమని ఒక బటన్. ఒకదాంట్లో చేరితే, ఫొటో కూడా పెట్టకముందే 14 మందికి నచ్చేశానట! వాళ్ళెవరో చూడాలంటే డబ్బు కట్టాలట. ఇంకోచోట వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోయింది, మూడుసార్లు కొట్టినా కార్డు తీసుకోవట్లేదు. ఉపన్యాసాలొద్దు. పేరు చెప్పండి చాలు.

పాతకాపు:
బ్రదర్, ఆ "టాప్ 10" పేజీ అడుగున చిన్న అక్షరాలు చదివారా? మీరు ఆ బటన్ నొక్కి చేరితే రాసినవాళ్ళకి కమీషన్. ఇక పేర్లంటారా, టిండర్, హింజ్, ఓకేక్యుపిడ్, ప్లెంటీ ఆఫ్ ఫిష్, 1995 నాటి మ్యాచ్ డాట్ కామ్, అన్నీ మ్యాచ్ గ్రూప్‌వే. అయిదు కొట్లు తిరిగాననుకుంటాం, గల్లాపెట్టె ఒకటే. బంబుల్ వేరే కంపెనీ, 2014లో మొదలైంది. దాన్ని పెట్టినావిడ కూడా టిండర్ నుంచి బయటికొచ్చినావిడే.
మీ 14 మంది సంగతి పాత కథే. 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జేడీఐ డేటింగ్ అనే కంపెనీ చేత 6,16,165 డాలర్లు కట్టించింది. కొత్తగా చేరినవాళ్ళకి మెసేజీలు పెట్టిన "మనుషులు" ఆ కంపెనీ తయారుచేసిన ప్రొఫైళ్ళే. జవాబివ్వాలంటే చందా కట్టాలి, అదీ కిటుకు.

ముక్తసరి:
ఏ సైట్? ఫోనా, కంప్యూటరా? వెరిఫికేషన్‌కి కార్డెందుకు?

రాత్రిపక్షి:
కంప్యూటర్. వెరిఫికేషన్‌కి అడుగుతోంది, పైన రాశాగా. ఇంకోటి, బ్రదర్ కాదు.

పాతకాపు:
సారీ అమ్మా.

అచ్చుతప్పు:
అసలు గొడవంతా ఈ "వెరిఫైడ్" అనే మాటతోనే. చాలా యాప్‌లలో ఆ టిక్కు చెప్పేది ఒక్కటే: సెల్ఫీలో ముఖం, ప్రొఫైల్ ఫొటోలో ముఖం ఒకటేనని. పేరు నిజమా, ఉద్యోగం నిజమా, పెళ్ళయిందా అన్నది దానికి తెలీదు. దాన్ని ధ్రువీకరణ అంటే ఎలా? పోలిక అనాలి. గుర్తింపు కార్డు కూడా చూస్తే అప్పుడు ధ్రువీకరణ.

పాతకాపు:
"పోలిక చేయబడిన ఖాతా" అని రాస్తే ఒక్కడికి అర్థమవుతుందాండీ?

అచ్చుతప్పు:
టిక్కున్న మనిషితోనే నేను రెండు నెలలు మాట్లాడాను. వీడియో కాల్‌లోనూ ముఖం అదే. భార్య ఉన్న సంగతి మాత్రం టిక్కు చెప్పలేదు. మాటల పట్టింపు ఊరికే రాలేదు నాకు.

చుక్కాని:
అందరూ ఎదుటివాళ్ళు ఎవరనే చూస్తున్నారు, సైటు మన వివరాలు ఏం చేస్తోందో ఎవరికీ పట్టదు. 2015లో యాష్లీ మ్యాడిసన్ అనే డేటింగ్ సైటు వివరాలు లీకైనప్పుడు, డబ్బు కట్టి మరీ ఖాతా చెరిపించుకున్నవాళ్ళ వివరాలు కూడా బయటపడ్డాయి. 2021లో గ్రైండర్ అనే డేటింగ్ యాప్‌కి నార్వే డేటా సంస్థ 6.5 కోట్ల క్రోన్ల జరిమానా వేసింది, సరైన అనుమతి లేకుండా వాడేవాళ్ళ వివరాలు ప్రకటనల కంపెనీలకి ఇచ్చినందుకు. కాబట్టి చేరేముందు "ఖాతా తొలగించు" ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే చేరొద్దు. ఫోన్లోంచి యాప్ తీసేస్తే ఖాతా పోదు, చందా కూడా ఆగదు, దాన్ని విడిగా రద్దు చేయాలి. వేరేచోట పెట్టిన ఫొటో ఇక్కడ పెట్టొద్దు, ఆ ఫొటోతో వెతికితే మీ అసలు పేరు దొరికిపోతుంది. దూరం చూపించే సెట్టింగ్ కూడా...

ముక్తసరి:
ఆవిడ అడిగింది ఇది కాదు.

చుక్కాని:
అడగాల్సింది ఇదే.

రాత్రిపక్షి:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ నా వెరిఫికేషన్ ముందుకెళ్ళట్లేదు కదా! సరే, మొత్తం చెప్తా. యాప్‌లో ఒకతను పరిచయమయ్యాడు, మర్యాదస్తుడే. రెండో రోజే టెలిగ్రామ్‌కి రమ్మన్నాడు. కలిసేముందు ఆడవాళ్ళ భద్రత కోసం ఇద్దరం వెరిఫై చేసుకుందాం, ఉచితమే అని లింకు పంపాడు. కార్డు వయసు నిర్ధారణకేనట. ఆ సైట్ నమ్మకమైనదేనా, లేకపోతే వేరేది ఏదన్నా ఉందా అనే అడుగుతున్నా.

ముక్తసరి:
ఇది మొదటే చెప్పాలి. కార్డు ఇప్పుడే బ్లాక్ చేయించండి.

రాత్రిపక్షి:
తీసుకోలేదు కదా? మూడుసార్లూ "విఫలం" అనే వచ్చింది.

ముక్తసరి:
విఫలమని మీకు చూపించింది. నంబరు, గడువు తేదీ, వెనక మూడంకెలు కొట్టారా? అయితే అవి వాళ్ళ దగ్గరున్నట్టే.

పాతకాపు:
అమ్మా, నిజమైన యాప్ వెరిఫికేషన్ యాప్‌లోపలే అవుతుంది. అవతలి మనిషి పంపే లింకులో అవదు. ఇలాంటి పేజీల అడుగున సాధారణంగా బూడిదరంగు అక్షరాల్లో ఉంటుంది: ఇన్ని రోజులు ట్రయల్, తర్వాత నెలనెలా చందా అని. చూడండి. అతన్ని యాప్‌లోనే రిపోర్ట్ చేయండి, కానీ ముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. వాడు అన్‌మ్యాచ్ కొట్టి మిమ్మల్ని తన జాబితాలోంచి తీసేస్తే చాట్ మీకు కనబడకుండా పోవచ్చు.

అచ్చుతప్పు:
దీన్ని ఫిషింగ్ అంటారు కాబోలు.

చుక్కాని:
ఫిషింగ్ కాదు. ఫిషింగ్ అంటే మీకు తెలిసిన సంస్థ వేషం వేయాలి. ఇది చందా ఉచ్చు.

అచ్చుతప్పు:
భద్రత సంస్థ వేషమేగా వేసింది?

చుక్కాని:
తెలిసిన సంస్థ అన్నాను.

రాత్రిపక్షి:
ఉంది. అడుగున బూడిదరంగులో. మౌస్‌తో సెలెక్ట్ చేస్తేగానీ కనబడలేదు. బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించా, ఒక లావాదేవీ పెండింగ్‌లో ఉందట, ఫిర్యాదు రాసుకున్నారు. థాంక్స్ అండి. సైట్ పేరు మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు, గమనించగలరు. పడుకుంటా.

కొత్తసభ్యుడు:
నాకూ 14 మందే చూపించింది. ఏ సైటండీ అది?