"కలపడం లేదు" అని బోర్డు పెట్టాలా, వద్దా?

బరంపురం మాస్టారు:
మా వీధి అప్పడాల కొట్టు ముందు కొత్త బోర్డు వెలిసింది. "మా అప్పడాల్లో బట్టల సోడా కలపడం లేదు" అని ఒడియాలో, తెలుగులో. పుకారు పుట్టింది ఏదో వాట్సాప్ గ్రూపులో, వీధిలో సగం మందికి తెలీనే తెలీదు. ఇప్పుడు పిల్లలకి కూడా తెలిసింది. 1973 నవంబరులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పత్రికా సంపాదకుల ముందు తన ఆదాయం, పన్నుల గురించి ఎంతో వివరం చెప్పాడు. జనానికి గుర్తున్నది "నేను మోసగాణ్ణి కాను" ఒక్కటే. బోర్డు తీసేయమంటాను.

పర్లాకిమిడి బాబు:
నిక్సన్‌ని ముంచింది ఆ మాట కాదు మాస్టారూ, తన ఆఫీసులో తనే రికార్డు చేయించుకున్న మాటల టేపులు. కొట్టాయన నోరు మూసుకుంటే "నిజమే కాబోలు" అనరా?

రాయగడ కోడలు:
2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకారు గుర్తుందా? "అలాంటివాళ్లెవరూ లేరు" అని పోలీసులు చెప్పాకే మా అత్తగారు పగలు కూడా గడియ పెట్టడం మొదలెట్టారు. కానీ చెప్పక తప్పదు కదండీ. ఆ ఏడాది దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపేశారు.

గుణుపురం కెమిస్ట్రీ:
ఖండిస్తే ప్రతిసారీ పుకారు ఇంకా బలపడుతుందన్నది అతి. మొదట్లో కొన్ని పరిశోధనలు అలా అన్నా, తర్వాతి వాటిల్లో అది అనుకున్నంత తరచుగా కనబడలేదు. ఎవరూ వినని పుకారుని మనమే ఊరంతా చాటడం మాత్రం వేరే సంగతి, అక్కడ మాస్టారితో నేనూ ఏకీభవిస్తా. అసలు చిక్కు ఇంకోటుంది. అప్పడాల సోడాలో ఉండేది ముఖ్యంగా సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్. బట్టల సోడా కూడా సోడియం కార్బొనేటే, తేడా శుద్ధిలో. అంటే "లేదు" అన్న బోర్డు సగం నిజం మీద నిలబడింది. ఎవడో ఫోన్లో వెతికి చూపిస్తే ఆయన పని అయిపోయినట్టే. "మినప్పిండి, ఉప్పు, మిరియాలు, తినడానికి తగిన అప్పడాల సోడా. పిండి కలిపేది వెనక గదిలో, వచ్చి చూడండి" అని రాయమనండి. బట్టల మాటే ఎత్తక్కర్లేదు. అడిగినవాళ్లకి మాత్రం తేడా విడమరిచి చెప్పాలి.

పర్లాకిమిడి బాబు:
2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు కూడా పది రూపాయల నాణేలు 14 రకాలున్నాయి, అన్నీ చెల్లుతాయి అని నిఖార్సుగా చెప్పింది. మా కిరాణావాడు తీసుకున్నాడా?

రాయగడ కోడలు:
చెప్పిన తీరు బాగానే ఉంది బాబూ, వాడిదాకా చేరలేదంతే. ప్రకటన ఇంగ్లీషులో ఉంటే వాడేం చదువుతాడు?

పర్లాకిమిడి బాబు:
సరే, సోడా అని రాస్తే "అదిగో, ఒప్పుకున్నాడు" అంటారు చూడండి.

బరంపురం మాస్టారు:
అననీవోయ్, ఉన్నదాన్నే కదా అంటారు. వెనక గది ఎటూ చూపిస్తాడు.