ట్యూబు రాసినన్నాళ్ళే హాయి, మానేస్తే మళ్ళీ దురద

సుధ_గుంటూరు:
మా ఆయనకి నడుం చుట్టూ, గజ్జల్లో గుండ్రంగా ఎర్ర మచ్చలు, అంచు లేచి పొట్టు రాలుతోంది, మధ్యలో మామూలుగానే ఉంది. మెడికల్ షాపు వాళ్ళిచ్చిన ట్యూబు మానేస్తే ఇంకా పెద్దదై వస్తోంది. ఇప్పుడు బాబు మెడ మీద కూడా మొదలైంది. వేడి చేసిందా, తిండి పడలేదా? స్కిన్ డాక్టరుకే చూపించాలా?

పాలమూరు_రైతు:
అక్కా పొలం గట్టున వయ్యారిభామ కలుపుమొక్క ఉందేమో చూడు. మా నాయినకు మొహం, మెడ, మోచేతి మడతలు మండిపోయేటియి, అంగీ కప్పిన కాడ ఏం ఉండకపోయేది. అందరు రక్తం చెడ్డదన్నరు. వీపు మీద ప్యాచ్ టెస్టు (అనుమానమున్నవి పట్టీతో అంటించి చూసేది) చేస్తే ఆ వయ్యారిభామతోనే అని తేలింది. పూత రాకముందే పీకుండ్రి, ఉత్త చేతులతోని ముట్టకుండ్రి.

మెడికల్_బాబాయ్:
ఇరవై ఏళ్ళుగా కౌంటర్లో ఉన్నా, చూడక్కర్లేదు, అది తామరే, ఫంగస్ జబ్బు. అదే ట్యూబు మానకుండా రాయండి. దీనికి కూడా డాక్టరు ఫీజు దేనికి?

స్కిన్_పీజీ:
బాబాయ్ గారూ, రెండు మూడు మందులు కలిపిన ఆ కాంబినేషన్ ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపూ దురదా అణుగుతాయి, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. 2018లో స్టెరాయిడ్ క్రీములు షెడ్యూల్ హెచ్‌లో పెట్టారు, చీటీ లేకుండా అమ్మకూడదు. సుధ గారూ, చూడకుండా నేను తేల్చను. వాడిన ట్యూబులన్నీ పట్టుకెళ్ళి స్కిన్ డాక్టరుకి చూపించండి. అంచు మీద పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూస్తారు. బాబుని కూడా తీసుకెళ్ళండి.

మెడికల్_బాబాయ్:
చదువుకున్నోళ్ళు ఎన్నైనా చెప్తారు. మిరపకోతల టైములో కూలి మానుకుని టౌనుకి ఎవరు పోతారు? దురదతో నిద్రలేక వచ్చినోణ్ణి ఉత్త చేతుల్తో పంపమంటారా?

లలిత_బెజవాడ:
పంపండి! మా చెల్లి తొడల మీద ఆ ట్యూబు వల్ల చర్మం పల్చబడి చారలు పడ్డాయి, పెళ్ళి కావాల్సిన పిల్ల, దురద పోయింది గానీ చారలు పోలేదు. గవర్నమెంటు ఆస్పత్రిలో స్కిన్ ఓపీ ఉంటుంది, అక్కడికి పంపితే మీ సొమ్మేం పోయింది?

హాస్టల్_పిల్లాడి_అమ్మ:
గొడవాపండి. ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే గజ్జి కూడా చూపించుకోవాలి. మావాడు రాత్రయితే చాలు వేళ్ళ సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ గోకేవాడు. డాక్టరు పెర్మెత్రిన్ రాసి, మెడ కింద నుంచి అరికాళ్ళ దాకా రాత్రి పూసుకుని పొద్దున కడగమన్నారు, వారానికి మళ్ళీ. దురద లేనివాళ్ళం కూడా అందరం ఒకే రోజు పూసుకున్నాం, దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉతికాం. గజ్జి పురుగు చచ్చాక కూడా కొన్ని వారాలు దురద ఉంటుందట, కంగారుపడి ఊరికే పూయకండి.

వేపచెట్టు:
వేపాకు, పసుపు నూరి రాస్తే ఇవేవీ అక్కర్లేదు.

లలిత_బెజవాడ:
గోకి పుండైన చోట ఆకు పసరేంటండీ, చీము పడితే ఎవరు చూస్తారు?

సుధ_గుంటూరు:
బాబుకి వేళ్ళ సందుల్లో ఏం లేదు. సోమవారం ఇద్దర్నీ తీసుకెళ్తున్నా. అందరం ఒకే తువ్వాలు వాడతాం, అదీ కారణమేనా?

స్కిన్_పీజీ:
అవ్వొచ్చు, తామర అలా కూడా అంటుకుంటుంది. ఇవాళే వేరు చేయండి. తడి లోదుస్తులు వద్దు. ఇంకో మాట అందరికీ: దద్దుర్లతో పాటు పెదాలు, నాలుక వాచినా, ఆయాసమొచ్చినా ఓపీ కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

రాణి_భీమవరం:
మా అత్తగారికి బొట్టుబిళ్ళ పెట్టే చోట దురద పుట్టి ఇప్పుడు తెల్లగా అవుతోంది, ఇది కూడా తామరేనా?