మతిమరుపు జబ్బు ఉన్నవారిని చూసుకునే కుటుంబాలకు మాట్లాడే తీరులో శిక్షణ అవసరమా?

చంద్రగిరి నర్సు:
డిమెన్షియా ఉన్న పెద్దలతో ఎలా మాట్లాడాలో ఇంట్లోవారికి నేర్పే తరగతులు తిరుపతిలో ఏర్పాటు చేయాలని నా అభిప్రాయం. ఎదురుగా వచ్చి, టీవీ ఆపి, ఒకసారికి ఒక్క మాటే అడగడం వంటివి చిన్న విషయాల్లా కనిపించినా, చూసుకునేవారి అలసటను తగ్గించేవి అవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘ఐసపోర్ట్’ పేరిట ఇందుకోసం శిక్షణ పుస్తకమే తెచ్చింది. గోవాలో 81 కుటుంబాలతో జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి సలహాలిచ్చినప్పుడు చూసుకునేవారి మానసిక ఆరోగ్యం మెరుగుపడింది.

పలమనేరు మాస్టారు:
నా భార్యతో ఎలా మాట్లాడాలో ఎవరో తరగతి పెట్టి నాకు చెప్పాలా? ఆమె రోజూ వాళ్లమ్మ ఏదని అడుగుతుంది. చనిపోయిందని నిజమే చెబుతాను. ‘పీలేరు వెళ్లింది, వస్తుంది’ అని చెప్పమని ఒకరు సలహా ఇచ్చారు. మా కాపురంలో నేను ఆమెకు అబద్ధం చెప్పి ఎరుగను. గుర్తుండదు గదా అని ఇప్పుడు మొదలుపెట్టలేను.

కొర్లగుంట కోడలు:
మాస్టారు గారూ, అబద్ధం చెప్పనక్కరలేదు. మా అత్తమ్మ పొద్దు వాలేసరికి ఆవును కట్టెయ్యాలంటూ తలుపు గడియ లాగుతుంది. ఆవును అమ్మేశామని చెప్పినంత కాలం అరిచేది, నన్ను నెట్టేసేది. ఇప్పుడు పక్కన కూర్చుని ‘మన ఆవు పూటకు ఎన్ని పాలిచ్చేది అత్తమ్మా?’ అని అడుగుతాను. చెంబు పట్టుకున్నట్టు చేతులు పెట్టి చెబుతుంది, చెబుతూ చెబుతూ గడియ సంగతి మరచిపోతుంది. ‘ఏం తింటారు?’ అంటే బిక్కమొహం వేసే మనిషి, ‘సంగటి పెట్టనా, ఇడ్లీ పెట్టనా?’ అంటే చెబుతుంది. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

తిరుచానూరు:
తరగతులు పెడితే మా అక్కను తప్పక పంపుతాను.

పలమనేరు మాస్టారు:
ఆవు వేరు, అమ్మ వేరు. అడిగినదానికి జవాబు దాటవేయడం కూడా అబద్ధమే.

కొర్లగుంట కోడలు:
ఆమె మరచిపోయేది మీ జవాబును గానీ దుఃఖాన్ని కాదు. మీ మాట నెగ్గడానికి ఆమె రోజూ కొత్తగా తల్లిని పోగొట్టుకోవాలా?

బైరాగిపట్టెడ:
దయచేసి ఇద్దరూ కాస్త శాంతించండి.

పలమనేరు మాస్టారు:
అంత మాట అన్నారు కాబట్టి చెబుతున్నాను. రాత్రిళ్లు నిద్ర లేదు, తోడు మనిషి లేడని ఒక ఆసుపత్రిలో మొరపెట్టుకుంటే, ‘మీరు ఓపికగా మాట్లాడితే ఆమె నెమ్మదిగా ఉంటుంది’ అని చేతిలో కాగితం పెట్టి పంపించారు. తప్పంతా నా నోటిదే అయింది. నాకు కావలసింది రాత్రిపూట ఆమెను కనిపెట్టుకుని ఉండే మనిషి, వారానికి ఒక పూటైనా నమ్మి వదిలివెళ్లే చోటు. శిక్షణ ఇచ్చేశాం గదా అని వాటిని ఎగవేస్తారనే నా భయం.

కొర్లగుంట కోడలు:
ఆ భయం నాకూ ఉంది. అయితే మనిషి దొరికేదాకా ఈ సాయంత్రాలు గడవాలి కదా, వచ్చిన మనిషికి మాత్రం ఈ మాటతీరు ఎవరు నేర్పుతారు? నా కోపం వేరే ఉంది. బెంగళూరు నుంచి మా మరిది ఆదివారం వీడియో కాల్ చేసి ‘నేనెవరో చెప్పమ్మా’ అని పరీక్ష పెడతాడు. ఆమెకు పేరు తట్టదు, ముఖం చిన్నబోతుంది, ఆ రాత్రంతా నా కొంగు వదలదు. ‘అమ్మా, నేను నీ చిన్నకొడుకుని’ అని తనే చెబితే పోయేదేముంది? శిక్షణ ముందుగా ఇవ్వవలసింది అలాంటి కొడుకులకు.

చంద్రగిరి నర్సు:
గోవాలో కార్యకర్తలు మాటతీరు చెప్పి ఊరుకోలేదు, అవసరమైనవారిని వైద్యుల దగ్గరకు పంపారు, కుటుంబాలను ఒకరితో ఒకరిని కలిపారు. మనమూ ఆదివారం పెడితే ఊళ్ల నుంచి కొడుకులు, కూతుళ్లు కూడా రాగలరు.

పలమనేరు మాస్టారు:
ఆదివారమైనా వస్తాను. ఆ పూట నా భార్య దగ్గర ఎవరుంటారో ముందు చెప్పండి.