మందు డబ్బా చూసి ఇల్లు ఖాళీ చేయమంటున్నారు, ఎవరిని కలవాలి?

మేం బోరబండలో అద్దెకుంటున్నాం. తమ్ముడికి హెచ్ఐవీ. ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్ఐవీ చికిత్స) సెంటర్‌లో ఉచితంగా ఇచ్చే మాత్ర రోజూ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటాడు, ఒక్క పూటా తప్పలేదు. వైరల్ లోడ్ టెస్టులో వైరస్ కనిపించడం లేదన్నారు డాక్టర్.

మొన్న మోటార్ చూడ్డానికి లోపలికొచ్చిన ఓనర్ ఆంటీ, ఫ్రిజ్ మీదున్న డబ్బా పేరు ఫోన్‌లో వెతికారట. నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. వాడు నీళ్లు తాగిన గ్లాసు కూడా వేరే పెట్టమన్నారు. ఆ మాటకి అమ్మ రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. గ్లాసుతో, బాత్రూమ్‌తో ఇది అంటదు కదండీ!

2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం ఇది వివక్షేనని తెలుసు. ఆ చట్టం కింద ఫిర్యాదులు వినే అధికారి అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయాలంటే హైదరాబాద్‌లో ఎక్కడికెళ్లాలి? గల్లీలో ఎవరికీ తెలియకుండా అవుతుందా? 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైన్‌తో ఇలాంటి సాయం అందినవాళ్లుంటే దయచేసి చెప్పండి.