ఎంఈఎస్‌పీ1 వస్తోంది, ఎన్‌కేఎక్స్2-5 రావట్లేదు: గుండె కణాల దగ్గర ఆగిపోయాను

మనిషి ఐపీఎస్ మూలకణాల (మామూలు శరీర కణాల్ని వెనక్కి తిప్పి చేసినవి) నుంచి గుండె కండర కణాలు చేస్తున్నాను. వరసగా నాలుగు బ్యాచ్‌లు పోయాయి.

పద్ధతి చాలామంది వాడేదే, వింట్ సంకేతాన్ని (కణం ఏ రకంగా మారాలో చెప్పేవాటిలో ఒకటి) ముందు పెంచి తర్వాత ఆపడం. 12 గుంటల ప్లేట్, మాట్రిజెల్ (కణాలు అతుక్కునే ప్రోటీన్ జెల్) పూత. 0వ రోజు వింట్‌ని పెంచే మందు సీహెచ్ఐఆర్99021, 8 మైక్రోమోలార్, సరిగ్గా 24 గంటలు. 3వ రోజు వింట్‌ని ఆపే మందు ఐడబ్ల్యూపీ-2, 5 మైక్రోమోలార్, 48 గంటలు. 7వ రోజు దాకా ఇన్సులిన్ లేని బీ27 (కణాలకు వేసే పోషక మిశ్రమం), ఆ తర్వాత ఇన్సులిన్ ఉన్నది.

క్యూపీసీఆర్‌లో (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష) మీసోడెర్మ్ (పిండంలో గుండె, కండరాలు వచ్చే మధ్య పొర) తొలి గుర్తు బ్రాక్యూరీ 24 గంటలకే బాగా లేస్తోంది, 3వ రోజుకి పడిపోతోంది. అప్పటికి గుండె వైపు వెళ్లే మీసోడెర్మ్ గుర్తు ఎంఈఎస్‌పీ1 కూడా కనిపిస్తోంది. 5వ రోజుకి మూలకణాల గుర్తు ఆక్ట్4 దాదాపు లేదు. అంటే మూలకణ స్థితి వదిలి మీసోడెర్మ్ దాకా వచ్చినట్టే కదా! గుండె కణాల తొలి గుర్తు ఎన్‌కేఎక్స్2-5 మాత్రం 7వ రోజుకీ లేదు, 10వ రోజుకీ లేదు. 15వ రోజున చూస్తే చదునుగా పరుచుకున్న కణాలే, ఒక్క మూల కూడా కొట్టుకోవట్లేదు. ఒకసారి కదిలిందని ఎగిరి గంతేశా. తీరా చూస్తే మైక్రోస్కోప్ బల్ల అదురు.

సీహెచ్ఐఆర్ 6, 10, 12 కూడా చూశాను. 12లో సగానికి పైగా చచ్చి తేలాయి. ఐడబ్ల్యూపీ-2 కొత్తది తెప్పించాను. మైకోప్లాస్మా (పెంచే కణాలకు సోకే బాక్టీరియా) నెగటివ్, క్యారియోటైప్ (క్రోమోజోముల తీరు) మామూలే. క్యూపీసీఆర్ ప్రైమర్లు (జన్యువును పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) గుండె ఆర్‌ఎన్‌ఏ మీద బాగానే పనిచేశాయి. మార్చనివి రెండే: 0వ రోజు కణాల సాంద్రత (ఎప్పుడూ 80 శాతం దగ్గరే), ఐడబ్ల్యూపీ-2 వేసే వేళ.

మీసోడెర్మ్ వచ్చి కూడా కణాలు గుండె వైపు తిరగనప్పుడు, ఈ రెండింట్లో మీరైతే ముందు ఏది మారుస్తారు, ఎంతకు?