క్రెష్‌కు 50 మంది కావాలట, మేము 47 మందిమే

సుధ_గుంటూరు:
విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను, ఇల్లు గుంటూరులో. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయింది. బాబుకు ఎనిమిదో నెల, అత్తగారు చూస్తున్నారు. ఆఫీసులో మధ్యాహ్నం పాత ఫైళ్ల గదిలోకి వెళ్లి, గొళ్లెం లేని తలుపుకు వీపు ఆనించి నిలబడి సీసాలోకి పాలు తీస్తాను. ఫ్రిజ్‌లో ఎవరిదో పెరుగు డబ్బా వెనుక దాస్తాను. మొన్న ఎవరో ఆ సీసా తీసి సింకులో పారబోశారు. గొళ్లెం పెట్టించమని, పనిలో పనిగా క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే చోటు) సంగతి కూడా అడిగాను. ప్రసూతి చట్టానికి 2017లో వచ్చిన సవరణ నుంచి 50 మంది ఉంటేనే క్రెష్, మనం 47 మందిమే అన్నారు. కాపలావాళ్లను, ఊడ్చేవాళ్లను కలిపితే 50 దాటుతాం. గట్టిగా అడగాలా, మానేయాలా?

ఆటోనగర్_వ్యాపారి:
47 అంటే 47. కాపలావాళ్లు ఏజెన్సీ మనుషులు. వాళ్లను మీ సంస్థ లెక్కలో ఎలా వేస్తారు?

సుధ_గుంటూరు:
వాళ్లూ రోజూ అదే గేటు దగ్గర నిలబడుతున్నారు కదండీ.

ఆటోనగర్_వ్యాపారి:
గేటు దగ్గర పోస్టుమ్యాన్ కూడా నిలబడతాడు.

మంగళగిరి_పాఠకుడు:
క్రెష్ సంగతి అలా ఉంచండి. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961 ప్రసూతి చట్టం నుంచే ఉంది. దానికి 50 మంది లెక్క లేదు.

సుధ_గుంటూరు:
విరామంలో బిడ్డకు పాలివ్వమంటుంది చట్టం. నా బిడ్డ గుంటూరులో ఉన్నాడు. సాయంత్రం రైలు కృష్ణా కెనాల్ దగ్గర ఆగిందంటే నేను ఇల్లు చేరేసరికి వాడు నిద్రపోతాడు.

పట్టాభిపురం_అమ్మమ్మ:
నేను టీచరుగా చేసి రిటైరయ్యాను. మా రోజుల్లో మూడు నెలల సెలవే. ఫ్రిజ్ లేదు, సీసా లేదు. ఇద్దరిని పెంచాను. ఈ కాలం పిల్లలకు ప్రతిదానికీ ఒక గది కావాలి.

ఆటోనగర్_వ్యాపారి:
బాగా చెప్పారమ్మా. నా బాధ కూడా వినండి. స్పేర్ పార్టుల దుకాణం నాది, 14 మంది. బిల్లింగ్ అమ్మాయి ప్రసవానికి వెళ్లింది. ఆరు నెలల జీతం నేనే ఇచ్చాను, ఆమె స్థానంలో వచ్చిన కుర్రాడికీ నేనే ఇచ్చాను. తిరిగి చేరిన రెండో నెలలో మానేసింది. ఆడపిల్లలను తీసుకోవాలంటే ఇప్పుడు పదిసార్లు ఆలోచిస్తున్నాను. నిజం చెబితే తప్పా?

సుధ_గుంటూరు:
జీతం 21 వేల లోపు ఉంటే ఆ డబ్బు ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా సంస్థ) ఇస్తుంది, మీరు కాదు. దానికి చందా కట్టారా లేదా?

ఆటోనగర్_వ్యాపారి:
ఆ అమ్మాయిది 22 వేలు! పనిమంతురాలని నేనే పెంచాను. పెంచినందుకు మొత్తం నా నెత్తిన పడింది. ప్రభుత్వం చట్టం చేస్తుంది, డబ్బు మాత్రం నా గల్లాపెట్టెలోంచి తీయాలి.

మంగళగిరి_పాఠకుడు:
ఈ మాటలో న్యాయం ఉంది.

సుధ_గుంటూరు:
ఉంటే ప్రభుత్వాన్ని అడగాలి. ఉద్యోగానికి వచ్చిన ఆడపిల్ల మీద ఆ కోపం తీర్చుకోవడం ఏమిటి? అమ్మమ్మ గారూ, మీకూ ఒక మాట. మీరు బడికి వెళ్తే పిల్లలను ఎవరు చూశారు? మీ అత్తగారు కాదా? ఇంట్లో ఒక మనిషిని పెట్టుకుని ఒంటరిగా పెంచానంటే ఎలా?

రైలు_పాస్:
అందరూ కాస్త శాంతించండి.

పట్టాభిపురం_అమ్మమ్మ:
అవును, మా అత్తగారే చూసింది. ఆవిడకు ఇష్టమో కాదో నేను ఒక్కరోజు కూడా అడగలేదు. ఇప్పుడు ఆవిడ చోటులో నేనున్నాను. మా అమ్మాయి ఎనిమిదింటికి పిల్లాడిని నా ఒళ్లో పెట్టి వెళ్తుంది. మోకాళ్లు పట్టేసి లేవలేక, గోడ పట్టుకుని వాడి వెంట తిరుగుతాను. తోటి టీచర్లు కాశీ వెళ్లారు, నేను వెళ్లలేదు. నువ్వు క్రెష్ అడుగుతున్నావు, ఆయన డబ్బు అడుగుతున్నారు. మీ ఇద్దరి లెక్కలోనూ నేను జీతం లేని మనిషిని. గది ఎందుకని అన్నది ఆ కడుపుమంటతోనే. ఆ క్రెష్ ఏదో మా అమ్మాయి ఆఫీసులో ఉంటే నేనే దింపి వచ్చేదాన్ని.

సుధ_గుంటూరు:
క్షమించండి అమ్మా. మా అత్తగారు కూడా నిన్న రాత్రి అయోడెక్స్ రాసుకుంటూ కూర్చున్నారు. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నారు. నేను కూడా సరేనని వెళ్లి పడుకున్నాను.

పట్టాభిపురం_అమ్మమ్మ:
ఇవాళ ఇంకోసారి అడుగు. గొళ్లెం కూడా వదలకు, నలభై రూపాయలు కూడా కాదు.

ఆటోనగర్_వ్యాపారి:
గొళ్లెం కావాలంటే మా దుకాణం నుంచి పంపిస్తాను, డబ్బులు వద్దు. కానీ ఆ కాపలావాళ్ల జీతం చెక్కు ఎవరు రాస్తున్నారో ఇంకా చెప్పలేదు. ఏజెన్సీ రాస్తే 47 అంటే 47.