టోక్యోకు బదిలీ: నాటు కుక్కను వెంట తీసుకువెళ్లడం సాధ్యమేనా?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

మా వారికి వచ్చే ఏడాది టోక్యోకు బదిలీ కానుంది. మా వీధిలో దొరికిన కూనను ఇంటికి తెచ్చి పెంచుకున్నాము. ఇప్పుడది 18 కిలోల నాటు కుక్క. దానిని ఇతరులకు అప్పగించి వెళ్లడానికి పిల్లలూ ఒప్పుకోరు, నా మనసూ ఒప్పుకోదు. జపాన్‌వారు పెంపుడు జంతువులను ఎంతో ప్రేమగా చూస్తారని విన్నాను. అయితే అద్దె ఇళ్లలో, రైళ్లలో, ఇరుగుపొరుగు మధ్య ఇంత పెద్ద కుక్కతో కాపురం ఎలా ఉంటుందో తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం (కోరమంగళ)

అమ్మా, ముందు ప్రయాణం సంగతి చూడండి, ఎందుకంటే ఆలస్యమైతే మిగిలిన ప్రశ్నలకు అర్థం ఉండదు. జపాన్ 1950లో రేబిస్ నివారణ చట్టం చేసింది. 1957 తర్వాత అక్కడి జంతువులలో ఆ వ్యాధి కనిపించలేదు. అందువల్ల మన దేశం నుంచి వచ్చే కుక్కల విషయంలో చాలా కఠినంగా ఉంటారు. మొదట మైక్రోచిప్ (గుర్తింపు కోసం చర్మం కింద అమర్చే చిన్న చిప్), ఆ తర్వాత కనీసం 30 రోజుల ఎడంతో రెండు రేబిస్ టీకాలు, పిమ్మట వారు గుర్తించిన ప్రయోగశాలలో రక్త పరీక్ష చేయించాలి. రక్తం తీసిన రోజు నుంచి 180 రోజులు ఇక్కడే ఆగాలి. చేరడానికి కనీసం 40 రోజుల ముందు అక్కడి జంతు క్వారంటైన్ శాఖకు తెలియజేయాలి. ఇవన్నీ సక్రమంగా ఉంటే విమానాశ్రయంలో తనిఖీ కొన్ని గంటలలో ముగుస్తుంది, లేకపోతే కుక్కను గరిష్ఠంగా 180 రోజులు నిర్బంధంలో ఉంచుతారు. కనుక పశువైద్యుని వద్దకు ఈ వారమే వెళ్లండి.

సమాధానం (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

ప్రయాణం కన్నా ఇల్లు దొరకడమే కష్టమని నా అభిప్రాయం. అక్కడ ఎక్కువ అద్దె ఇళ్లు జంతువులను అనుమతించవు; అనుమతించేవి కూడా తరచుగా చిన్న కుక్క ఒక్కటే అని షరతు పెట్టి, అదనపు డిపాజిట్ అడుగుతాయి. టాయ్ పూడిల్, చివావా, డాక్స్‌హుండ్‌ల వంటి పొట్టి జాతులకు అంత ఆదరణ ఉండడానికీ, ఇటీవల కుక్కల కన్నా పిల్లుల సంఖ్య పెరగడానికీ ఇరుకు ఇళ్లు ఒక ముఖ్య కారణం. టోక్యో ప్రాంతపు జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లలో పెట్టెతో కలిపి 10 కిలోలు దాటిన జంతువును ఎక్కనివ్వరు. మీ కుక్కకు రైలు లేనట్టే. కారు ఉంటే తప్ప దూరం వెళ్లలేరు.

సమాధానం (జయనగర్)

పై ఇద్దరూ చెప్పింది నిజమే. అయినా నిరుత్సాహపడకండి. కై, కిషు వంటి మధ్యస్థమైన దేశవాళీ కుక్కలను అక్కడ 1934లోనే రక్షిత సహజ సంపదగా ప్రకటించారు గనుక, నిటారు చెవుల నాటు కుక్కను చూసి ఎవరూ వింతపడరు. అయితే అక్కడ ప్రేమకు బాధ్యత తప్పనిసరి తోడు. కుక్కను పురపాలక కార్యాలయంలో నమోదు చేయించి, ఏటా రేబిస్ టీకా వేయించాలి. షికారుకు వెళ్లేటప్పుడు మలం ఎత్తే సంచీతో పాటు, మూత్రం పోసిన చోట చల్లడానికి నీళ్ల సీసా కూడా పట్టుకువెళ్తారు. మన వీధులలో ఈ అలవాటు ఇంకా రాలేదన్నది నాకు నిజంగా బాధ. చనిపోయిన జంతువులకు బౌద్ధ ఆలయాలలో శాంతి పూజలు కూడా చేయిస్తారు. టోక్యోలోని ఎకోయిన్ ఆలయం ఇందుకు ప్రసిద్ధం. అరుపును అదుపులో ఉంచే శిక్షణ మాత్రం ఇప్పటి నుంచే ఇప్పించండి, ఎందుకంటే పలుచని గోడల భవనాలలో ఫిర్యాదులు ముందుగా దాని గురించే వస్తాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మైక్రోచిప్ కోసం ఈ శనివారమే వైద్యుని వద్దకు వెళ్తున్నాము. రక్త పరీక్ష తర్వాతి 180 రోజులు బదిలీలోపు పూర్తికాకపోతే మా వారు ముందు వెళ్తారు. కుక్కతో నేనూ పిల్లలూ తర్వాత బయలుదేరుతాము.